కొళాయికి తాళం

ధర్మపురి, 1983

చిరంజీవి లింగప్పకు,

మన వాటాల్లో నీళ్లు దొంగిలించేది సాకమ్మేనని, ఆమె చేత ఇల్లు ఖాళీ చేయించమని రాశావు. దొంగ ఆమె కాదు. మరి ఎవరంటే నాకూ తెలియడం లేదు.

నువ్వు పంపిన తాళం కొళాయికి వేసి, ఇంటికి రోజుకు ఎనిమిది బిందెలని కట్టడి చేశాను. అప్పటినుంచి తొట్టి మధ్యాహ్నానికే అడుగంటుతోంది, లారీ నీళ్లు ఇదివరకటి కంటే ఎక్కువ కొంటున్నాను. నిన్న పొద్దున చూస్తే, సాకమ్మ ముందురోజు మిగిలిన నీళ్లన్నీ మురుగులో పోసి కొత్తవి పట్టుకుంటోంది.

“ఎందుకే పారబోస్తావు?” అన్నాను.

“ఎనిమిదీ నా పంగు, నా వంతు కదవ్వా. ఈ పొద్దు మిగిలిస్తే రేపు ఆరు చాలంటారు మీరు,” అంది.

తక్కిన మూడిళ్లవాళ్లదీ అదే మాట. తాళం లేనన్నాళ్లూ ఈ సాకమ్మే నాలుగు బిందెలతో సరిపెట్టుకుంది. నేను చదివిన లెక్కల్లో ఇది లేదు. నీ కాలేజీలో చెప్పారేమో గుర్తు తెచ్చుకో.

తాళం తీసేశాను. సేలం బస్సు కండక్టరు వడివేలు చేతికిచ్చి పంపుతున్నాను. కొన్న అంగట్లోనే తిరిగిచ్చి, బదులుగా కొళాయికి రెండు వాషర్లు తీసుకుని అతని చేతికే ఇవ్వు. తాళంలో లోపమేమిటని అంగడివాడు అడిగితే, ఏమీ లేదు, బాగానే పడిందని చెప్పు.

మీ అవ్వ