మూడో పేరు

పైసందూ,
జూలై 8, సోమవారం

జుల్మా గారికి,

నెలిడా నమస్కరించి రాయునది. మీరూ మీవాళ్ళూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ అమ్మగారు ఎర్మినియా నిన్న ఆస్పత్రిలో సగం కప్పు పాలన్నం తిన్నారు. దాల్చినచెక్క పొడి చాల్లేదని వంటవాడికి చెప్పి రమ్మని నన్ను పంపించారు. అంటే కోలుకుంటున్నట్టే.

మీరు నాకు పంపిన ఉన్ని శాలువా అందింది. మా అమ్మను కన్నకూతురికన్నా బాగా చూశారు, ఆ వయసులో కాలు జారడం ఎవరి తప్పూ కాదు అని చీటీ కూడా పెట్టారు. శాలువా ఇంకా సంచిలోంచి తీయలేదు. దాన్ని కప్పుకునే మొహం నాకు లేదు.

ఆస్పత్రివాళ్ళు శనివారం ఇంటికి పంపేస్తారట, మళ్ళీ మీ వృద్ధాశ్రమానికే తీసుకురమ్మంటారా, ఒక్క మాట చెప్పండి అని అడిగారు. ఆ ఒక్క మాట చెప్పడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మా దగ్గర ముప్పై ఒక్కమంది ముసలివాళ్ళున్నారు. పొద్దుటి పూట పనికి ముగ్గురం ఉండాలి. నిరుడు ఒకామె మానేసింది. యజమానురాలు ఇదిగో అదిగో అంటూనే ఉంది, కొత్త మనిషి రాలేదు. నేనూ మాబెల్ అనే అమ్మాయీ మిగిలాం. అందర్నీ లేపాలి, కడగాలి, తినిపించాలి. పదిమందికి వేడిగా అందితే మిగతావాళ్ళకి చల్లారిందే. తడిసిన బట్టలమీద పదింటిదాకా కూర్చున్నవాళ్ళున్నారు. పిలిస్తే వస్తున్నా, వస్తున్నా అనడమొక్కటే మాకు చేతనైంది.

మీ అమ్మగారు ఇరవయ్యారేళ్ళు ఆస్పత్రి వార్డుల్లో ఆయాగా చేసినవారు కదా, చూస్తూ ఊరుకోలేకపోయారు. మొదట పక్క కుర్చీలోని అనీబాల్ గారికి చెంచాతో తినిపించారు. తర్వాత వంటింట్లో కొక్కేనికున్న ఏప్రాన్ తీసి తనే కట్టుకున్నారు. మతిమరుపు పెరిగి, తను ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాననే అనుకున్నారు. మేం నవ్వుకున్నాం. నిజం చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది కూడా. అమ్మగారూ అని పిలిచేదాన్ని, రానురాను అక్కా అనడం అలవాటైంది. మాతే టీ తాగేటప్పుడు మా మధ్యన కూర్చుని, దుప్పటి మూల మడిచేది ఇలాగేనా, మీ అమ్మ నీకేం నేర్పిందే అని మాబెల్‌ని సాధించేవారు. ఎనభై ఒక్కేళ్ళావిడ. మా చేత సేవ చేయించుకోవడానికి వచ్చిన మనిషి.

ఆ మంగళవారం జోరున వాన. వాగు పొంగి మాబెల్ రాలేదు. వాన పడితే మావాళ్ళకి నూనెలో తోర్తా రొట్టెలు వేయించి పెట్టాల్సిందే, కాబట్టి వంటామె పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. అనీబాల్ గారిని స్నానానికి లేపాలి. భారీ మనిషి. లేపుతుంటే ఆయన మీ అమ్మగారి మీద పడ్డారు. ఆవిడ కింద ఉన్నారు కనక ఆయనకి దెబ్బ తగల్లేదు. మంచం దిగుతూ జారారని ఫోన్లో మీకు చెప్పింది అబద్ధం. అలా చెప్పమని యజమానురాలు అంది, నేను చెప్పాను. మీ అమ్మగారి సంగతి మీకు తెలుసు కదా, వద్దన్నా వినకుండా వెళ్ళి పట్టుకున్నారు.

జరిగింది ఇదీ. ఇక మీ ఇష్టం, ఆలోచించుకోండి. క్షమించమని అడిగే అర్హత నాకు లేదు.

తలొంచుకుని,
నెలిడా

తా.క. కవరు అంటించి మళ్ళీ చించాను. పైన ఇంకో అబద్ధం రాశాను. ఆవిడ తనంతట వెళ్ళలేదు, నేనే పిలిచాను. అక్కా, అటుపక్క నువ్వు పట్టు అన్నాను. మరొకటి కూడా ఉంది. తనిఖీకి వచ్చేవాళ్ళు డ్యూటీ కాగితంలో ముగ్గురి పేర్లు చూస్తారు. ఎనిమిది నెలలుగా అందులో మూడో పేరు మీ అమ్మగారిది. రాసిన చెయ్యి నాది. అధికారి వచ్చిన రోజు ఆవిడే ఏప్రాన్‌తో ఎదురెళ్ళి గదులన్నీ చూపించారు. ఈమె బాగా పని తెలిసిన మనిషి అని మెచ్చుకుని సంతకం పెట్టి వెళ్ళాడాయన.

ఆ వారం కాగితం ఇందులో పెట్టాను. ఎవరికి చూపించాలో వాళ్ళకి చూపించండి, నా ఉద్యోగం సంగతి చూడకండి. మీరడిగిన ఆ ఒక్క మాట: తీసుకురావద్దు.

నిన్న నేను లేచి వస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. ఏమనుకోకే నెలిడా, నావల్ల నీకు మనిషి తక్కువైంది, ఎలాగోలా నెట్టుకురా, శనివారం డ్యూటీకి వచ్చేస్తాగా అన్నారు.