శనివారం ఎంగేజ్‌మెంట్

మొఘల్‌పురా,
గురువారం.

అమ్మకు,

నీ బిడ్డ వర్షిత దండాలు పెట్టి రాస్తున్న సంగతులు. ఇక్కడ బాపు, నానమ్మ, నేను, కొట్టంలో తొమ్మిది బర్రెలు, అందరం క్షేమంగానే ఉన్నాం. ‘గానే’ అన్నందుకు అప్పుడే కళ్లద్దాలు సర్దుకోకు, వరసగా చెబుతాను. అక్కడ నువ్వూ, నీ హాస్టల్ పిల్లలూ జ్వరాలూ జలుబులూ లేకుండా చల్లగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం నిన్న అందింది. నువ్వు ప్రమోషన్ మీద ఆసిఫాబాద్ గురుకులానికి నర్సుగా వెళ్లి ఏడు నెలలైనా, ఇంటి మీద నీ పెత్తనం తగ్గలేదని నానమ్మ చదివించుకుని మరీ నవ్వింది. నీ ప్రశ్నలకు జవాబులు ఇవిగో. నానమ్మ బీపీ గోలీ పొద్దున గుర్తుపెట్టుకుని వేసుకుంటుంది, సాయంత్రానిది నేను గుర్తుచేస్తే ‘ఏసుకున్న’ అని దబాయిస్తుంది. అందుకని అట్టలో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. స్నానాలగదిలో నల్లా ఇంకా కారుతూనే ఉంది. బాపు మనిషిని పిలుస్తానంటాడు, ఆ మనిషి వస్తానంటాడు, ఇద్దరిదీ మాటే. నేను సన్నబడలేదు, ఫోటోలో అలా కనిపించానంతే.

ఆనర్స్ అంటే ఏమిటో మళ్లీ రాయమన్నావు, మీ వార్డెన్‌కు చెప్పుకోవాలని. చెప్పుకో, నాకేం అభ్యంతరం. మూడేళ్లు చదివితే మామూలు డిగ్రీ. నాలుగో ఏడు ఉండి పరిశోధన చేస్తే ఆనర్స్. మా యూనివర్సిటీలో ఆ నాలుగో ఏడు కావాలంటే మార్కులొక్కటే చాలవు, ఈ సెమిస్టర్ లోపల నలభై గంటలు క్లాసు బయట కూడా పనిచేసినట్టు చూపాలి. ఉపన్యాసాలు వినాలి, చర్చల్లో కూర్చోవాలి, జూనియర్లకు పాఠం చెప్పాలి, చెరువు గట్టున చెత్త ఏరాలి. ప్రతి సోమవారం మా ఆనర్స్ బాధ్యురాలు రంగనాయకి మేడం ఆ వారం జాబితా నోటీసు బోర్డుకు అంటిస్తుంది, మేమంతా రేషన్ దుకాణం దగ్గర నిలబడ్డట్టు దాని ముందు నిలబడతాం. నేనూ, నా స్నేహితురాలు కీర్తిప్రియా ఒకసారి గది తప్పి రోబోల మీద ఉపన్యాసంలో రెండు గంటలు కూర్చున్నాం. ఒక్క ముక్క అర్థం కాకపోయినా గంటలు మాత్రం వచ్చాయి. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావని నువ్వన్నది నిజమే. మొదట్లో గంటల కోసమే తిరిగాను. తర్వాత్తర్వాత తిరగకపోతే తోచడం లేదు.

ఇక్కడిదాకా మేడ మీద కూర్చుని రాశాను. ఎండకు కాదు, కూర్చోలేక కిందికి వచ్చాను. నీ చివరి ప్రశ్న దగ్గర కలం ఆగిపోయింది.

‘బేగంబజార్ వాళ్లు ఎందుకు చల్లబడ్డారు? దసరా నుంచి అంత ఇష్టంగా మాట్లాడినవాళ్లు ఫోన్ ఎందుకు ఎత్తడం లేదు? మీ బాపును అడిగితే చూద్దాంలే అంటాడు’ అని రాశావు. స్టీలు సామాన్ల దుకాణం ప్రేమ్‌రాజ్ గారి సంబంధం నీకు ఎంత నచ్చిందో నాకు తెలుసు. నువ్వు అంత దూరంలో ఉండి, నేనైనా ఇంటికి పావుగంట దూరంలో ఉండాలని కోరుకున్నావు. అందులో తప్పు లేదు. వాళ్ల నిఖిలేష్ మంచివాడే అయి ఉంటాడు, నేను రెండుసార్లు చూశాను, రెండుసార్లూ టీ బాగుందన్నాడు. కానీ వాళ్లమ్మ అన్న మాట నీకు గుర్తుందో లేదో. ‘మూడేండ్లకే డిగ్రీ వస్తుంటే నాలుగో ఏడు దేనికమ్మా, ఎండాకాలంల పెండ్లి పెట్టుకుందాం’ అంది. మీరందరూ తలూపారు. నేను టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లాను.

ఇప్పుడు అసలు సంగతి. సరిగ్గా మూడు వారాల కిందట, గురువారం, ప్రేమ్‌రాజ్ గారి భార్య ఫోన్ చేసింది. నానమ్మ ఎత్తింది. శనివారం అందరూ కలిసి వచ్చి తాంబూలాల ముచ్చట తేల్చుకుంటారట. నానమ్మ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నా వైపు తిరిగి, “శనివారం వాళ్లొస్తరట, ఇంట్ల ఉంటవా?” అంది.

నేను చెప్పులు వేసుకుంటున్నాను. “ఉండ నానమ్మా. శనివారం నాకు కాలేజీల ఎంగేజ్‌మెంట్ ఉంది” అన్నాను.

అమ్మా, మా క్యాంపస్‌లో ఆ నలభై గంటల పనులన్నిటికీ పేరు అదే. స్టూడెంట్ ఎంగేజ్‌మెంట్. ఆ శనివారం దాని పండగ, ఎంగేజ్‌మెంట్ డే. మేం చేసిన పనులు అందరికీ చూపించే రోజు. పొద్దున లేస్తే ఆ మాట పదిసార్లు వాడతాం, నోటికి అలవాటైపోయింది. నానమ్మకు మాత్రం ఎంగేజ్‌మెంట్ అంటే ఒక్కటే.

ఆమె ఫోన్‌లో అన్న మాట నాకు ఇప్పటికీ వినబడుతోంది. “ఏమోనమ్మా, పిల్లకు శనివారం ఎంగేజ్‌మెంట్ ఉన్నదట. కాలేజీలనే నట. ఎవలతోనంటే నేనేం చెప్పాలె, నాకు గిప్పుడే తెల్సింది.” అవతల ఫోన్ పెట్టేశారు. నానమ్మ గోడ పట్టుకుని కూర్చుని, “ఎవడే పిలగాడు? మనోడేనా?” అంది. నాకు నవ్వొచ్చింది. “పిలగాడు లేడు, ఏం లేడు” అని నవ్వుతూ బస్సుకు పరుగెత్తాను.

దారిలో నవ్వు ఆగిపోయింది. నానమ్మ నోట ఆ మాట రాగానే వాళ్లు ఏమనుకుంటారో నాకు తెలిసిపోయింది. తెలిసే నవ్వాను. ఫోన్ తీసి ఒక్క మాట చెబితే సర్దుకునేది. చెప్పలేదు. శనివారం వాళ్లు రారు, ఎండాకాలంలో పెళ్లి ఉండదు, నేను ఎవరికీ ఎదురు చెప్పనక్కర లేదు అనుకున్నాను. ఇది నా తప్పు అమ్మా, నానమ్మది కాదు.

రెండు రోజుల్లో గల్లీ అంతా పాకింది. పాలకొచ్చిన గిరాకీ ఒకాయన బాపును, “రామ్‌చందర్ భాయ్, బేటీ కీ మంగ్నీ హోగయీ బోలే, మిఠాయి కహాఁ?” అని, బిడ్డ నిశ్చితార్థానికి మిఠాయి ఏదని అడగడం నేను కిటికీలోంచి విన్నాను. బాపు పాలు పోసి పంపాడు. నన్ను ఏమీ అడగలేదు. అడిగితే బాగుండునని చూశాను, అడగలేదు.

శనివారం వచ్చింది. హాలులో నా పోస్టర్ అట్ట ఒకటి పెట్టాను. దాని పేరు ‘బర్రెతో తెలుగు, గిరాకీతో ఉర్దూ’. మన పాలవాళ్లు పగలంతా ఎవరితో ఏ మాట మాట్లాడతారో నాలుగు నెలలు కొట్టంలో కూర్చుని రాసుకున్న మాటలన్నీ అందులో ఉన్నాయి. పదకొండింటికి జనం వస్తుంటే కీర్తిప్రియ నా మోచెయ్యి గిల్లి, “గుమ్మం దగ్గర ఎవరో పెద్దమనిషి నిన్నే వెతుకుతున్నాడు” అంది.

బాపు. బోనాలకు మాత్రమే తీసే తెల్ల చొక్కా వేసుకున్నాడు. తల దువ్వుకున్నాడు. చేతుల్లో స్టీలు పళ్లెం, మీద గుడ్డ, దాని కింద అరటిపళ్లు, కొబ్బరికాయ, పూలు, మిఠాయి డబ్బా. తల్లిదండ్రులను పిలిచే కార్డు మాకు ఇచ్చారు, నేను ఇంట్లో ఇవ్వలేదు. బాపుకు తీరిక ఉండదని నాకు నేనే చెప్పుకుని పుస్తకంలో దాచాను. అది నానమ్మకు దొరికిందట. దాని మీద నా పేరూ, ఎంగేజ్‌మెంట్ అన్న మాటా బాపు కూడబలుక్కుని చదువుకున్నాడు.

దగ్గరికొచ్చి మెల్లగా, “పిలగాడు ఏడి బిడ్డా?” అన్నాడు.

“ఏ పిలగాడు బాపూ?”

“నాకు కోపం లేదు. ముందుగాల వచ్చింది, నిన్నటికి పోయింది. మన దిక్కుకెంచి ఎవలు లేకుంటే వాళ్లు నిన్ను తక్కువ జూస్తరు. గందుకే వచ్చిన.”

రెండు రాత్రులు ఆయన నిద్ర లేకుండా ఏమేం అనుకుని ఉంటాడో, ఆ పళ్లు కొంటూ బజారులో ఎవరికి ఏం చెప్పి ఉంటాడో తలుచుకుంటే ఏడుపొచ్చింది. అక్కడే గోడ పక్కన నిలబడి ఎంగేజ్‌మెంట్ అంటే అది కాదని చెప్పాను. పళ్లెం మీద గుడ్డ సర్దాడు. “గంతేనా” అన్నాడు. తర్వాత, “తెచ్చినయి వాపస్ తీస్కపోవద్దు” అని అందరికీ తానే అరటిపళ్లు పంచాడు. రంగనాయకి మేడం, మీ నాన్నగారు ఎంత శ్రద్ధగా వచ్చారమ్మా అంది.

మేడం ఆయన్ను నా అట్ట దగ్గరికి తీసుకెళ్లింది. బాపు వేలుపెట్టి మొత్తం చదివి, “చేపుడు రాయలేదేంది?” అన్నాడు. మేడం అదేమిటని అడిగింది. “దుడ్డె మూతి పెట్టంగనే బర్రె పాలు దింపుతది జూడండి మేడం, గది చేపుడు. గది లేకుంటే ఇగ పాలమాట ఏముంది” అన్నాడు. మేడం పెన్ను తీసి అట్ట మీద తానే రాసింది. ఇదే నీ నాలుగో ఏటి పరిశోధన, సెమిస్టర్ అయిపోయేలోపల పేరు ఖాయం చెయ్యి అని నాతో అంది. బాపు విన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు స్కూటర్ మీద, నయాపూల్ దాటాక, అంతా చెప్పేశాను. ఫోన్ సంగతి నాకు అప్పుడే తెలుసని కూడా. బాపు బండి నెమ్మది చేశాడు.

“ఒద్దని నోటితోని చెప్పొచ్చు గద.”

“నన్ను ఎవరడిగిర్రు బాపూ?”

చార్మినార్ దాటి బండి గల్లీలోకి తిప్పాడు. ఇంటి ముందు బండి ఆపి, “అడగకపోవుడు మా తప్పు, చెప్పకపోవుడు నీ తప్పు. ప్రేమ్‌రాజ్ తీర్థాలకు పోతున్నడు, వచ్చే నెల మొదటి ఆదివారానికి ఇంట్ల ఉంటడు. ఇద్దరం పోదాం. లవ్వు లేదు, ఏం లేదు, మీ పిలగాని మీద తప్పు లేదు, నాకు చదువుకునేది ఉందని నువ్వే జెప్పాలె. కానీ ముందుగాల మీ అమ్మకు రాయి. ఆమెకు తెల్వకుండ నేను ఆ గడప తొక్క” అన్నాడు.

ఆ ఆదివారం ఇంకో మూడు రోజుల్లో ఉంది. రోజూ బాపు ‘రాసినవా?’ అంటాడు, నేను ‘రాస్తున్న’ అంటాను. ఒక్క అక్షరం రాయలేదు. చర్చకు పోయాను, చెరువుకు పోయాను, జూనియర్లకు పాఠం చెప్పాను. గంటలు నలభై దాటి నలభై ఆరు అయ్యాయి, అయినా తిరుగుతూనే ఉన్నాను. తీరిక లేదని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం అమ్మా. ఇవాళ రాసి పోస్టులో వేస్తే నీకు మంగళవారం చేరుతుంది. అప్పటికి ఆదివారం అయిపోతుంది. నువ్వు వద్దనడానికి వీలుండదు. నేను కావాలనే ఆలస్యం చేశాను. ఫోన్ కూడా అందుకే చేయలేదు.

ఇంతవరకు రాసి చదువుకుంటే సిగ్గేసింది. నానమ్మకు ఆ ఫోన్ వచ్చిన రోజు చేసిన పనే మళ్లీ నీతో చేస్తున్నాను. అందుకని ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. బాపుకు చెప్పాను, “పోయి రా” అన్నాడు. రేపు పొద్దున కాగజ్‌నగర్ రైలెక్కి ఆసిఫాబాద్‌కు నేనే తెస్తున్నాను. నోటితో చెప్పబోతే మాట తప్పిస్తానని నా సంగతి నాకు తెలుసు, కాబట్టి ముందు నువ్వు ఇది చదవాలి.

తిట్టాలనిపిస్తే తిట్టు. బాపును అంతమందిలో అలా నిలబెట్టినందుకు నాకూ నా మీద కోపంగానే ఉంది. కానీ అమ్మా, నాకు నాలుగో ఏడు కావాలి. ఇప్పుడు పెళ్లి వద్దు. ఈ రెండు మాటలు ఇంత సూటిగా ఎవరి ముందూ అనలేదు, మొదట నీకే రాస్తున్నాను. చదవడం అయిపోయింది కదా, కాగితం పక్కన పెట్టి తలెత్తు. నాకేం కావాలో ఒక్కసారి నన్ను అడుగు.

ఇట్లు,
నీ ఎదురుగా కూర్చున్న నీ బిడ్డ,
వర్షిత