అన్న కంప్యూటర్‌లో పసుపు

బాపూ, నేను బాగానే ఉన్నాను. ఫోన్ చేస్తే అవ్వ పక్కనే ఉండి వింటుంది. ఆమెకు చదవరాదు గనుక కార్డు రాస్తున్నాను.

ర్యామ్ పెంచితే నా చదువుకు పనికొస్తుందని మధు అన్న కంప్యూటర్‌ను నిజామాబాద్‌లోని దుకాణానికి తీసుకుపోయాను. డబ్బా విప్పిన మెకానిక్, “పై జాలిల నుంచి పసుపంత లోపల పడ్డది చెల్లె. ర్యామ్ పెట్టే స్లాట్లు ఖరాబైనయి, బోర్డే మార్చాలె, లేకుంటె ఇగ నడువది. గిట్ల ఎవలు పోసిండ్రు?” అన్నాడు. అన్న చనిపోయినప్పటి నుంచి అవ్వ కొడుకు గుర్తని ప్రతి శుక్రవారం దానిమీద పసుపు చల్లి బొట్టు పెడుతోందని చెప్పలేకపోయాను. ఆ బోర్డు అన్న ఏరి తెచ్చుకున్నది, మార్చబుద్ధి కాలేదు.

పసుపు ఉడకబెట్టడం అయిందా? మోకాళ్ల మందు మానకు. ఆదివారం కంప్యూటర్ తెస్తాను. బాగైందని అవ్వకు చెప్పు. శుక్రవారం బొట్టు పెడితే వద్దనకు, అందులో ఇక పాడయ్యేది ఏమీ లేదు.

దండాలతో,
నీ బిడ్డ రవళి