ఎడమవైపు సుద్దగీత

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అమ్మ, పాప, నేను కులాసా. మీ బావ కూడా కులాసాయే, ముక్కు ఒక్కటే బాగాలేదు. సముద్రపు ఎండకు మాడి పొర ఊడుతోంది. "టోపీ పెట్టుకోండి మొర్రో" అని నేను మొత్తుకుంటే విన్నారా? ఇప్పుడు అద్దం ముందునుంచి కదలడం లేదు.

నీ ఉత్తరం బుధవారం అందింది. రైల్లో సీట్లు దొరికాయి, ఇబ్బంది పడలేదు. నువ్విచ్చిన జట్టు టోపీని పాప నిద్రలో కూడా తియ్యడం లేదు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. మేం లేని రెండు రోజులూ మూసిన షాపు ముందు కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్లందరికీ "మావాళ్లు సైకిల్ పందేనికి వెళ్లారు" అని చెప్పిందట. ఆదివారం సాయంత్రం మీ జట్టు గుడారంలోంచి ఎందుకలా లేచి వెళ్లిపోయావక్కా, నేనేమైనా అన్నానా అని అడిగావు. దానికి జవాబు చివర రాస్తాను.

నాన్న పోయి ఈ సైకిల్ షాపు నా చేతికి వచ్చి తొమ్మిదేళ్లు. వరసగా రెండు రోజులు తాళం వెయ్యడం ఇదే మొదటిసారి. కిటికీ తెరిస్తే సముద్రం కనబడే గది ఇప్పించావు. మీ బావ పొద్దున్నే అక్కడ నిలబడి, "ఇక్కడున్నది మనమేనంటావా?" అని నవ్వారు. ఆయన అలా నవ్వడం చూసి ఎన్నాళ్లయిందో! ఆ ఒక్క నవ్వు చాలురా, నీ మేలు మరిచిపోను.

ఇక పందెం సంగతి. మూడు గంటలు కంచె పట్టుకుని కాచుకున్నామా, తీరా పందెంవాళ్లు వచ్చేసరికి మీ బావ నీళ్ల సీసా కోసం సంచిలో తల దూర్చారు. గొలుసుల చప్పుడు, మొహానికి కొట్టిన గాలి, అంతే. తలెత్తి "ఏరీ? ఏరీ?" అంటుంటే పాప పడీ పడీ నవ్వింది. అదే రోడ్డు మీద ఏడు చుట్లు కాబట్టి బతికిపోయారు. రెండో చుట్టుకు రెప్ప వెయ్యనని పంతం పట్టి కళ్లనీళ్లు తెచ్చుకున్నారు. నాలుగో చుట్టులో మా ఎదురుగానే మీ జట్టువాడి టైరు పంచరైంది. నువ్వు జట్టు కారులోంచి దూకి, చక్రం మార్చి, అతన్ని వెనకనుంచి తోసి పంపేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. జనం చప్పట్లు కొట్టారు. "వాడు మా తమ్ముడండీ" అని ముక్కూమొహం తెలియనివాళ్లకల్లా చెప్పుకున్నాను.

సాయంత్రం గుడారంలో నువ్వు పని చేస్తుంటే చూశాను. ముందు బోల్టు బిగించడం, తర్వాత దాని మీదుగా సుద్దతో గీత గియ్యడం. గీత చెదిరితే బోల్టు వదులైందని అర్థం. నాన్న పద్ధతే. "ఇది మా అక్క నేర్పిన పని" అని నీ తోటి మెకానిక్కుకు గొప్పగా చెప్పావు. అప్పుడు పాప, "మామయ్యా, ఇన్ని సైకిళ్లున్నాయి కదా, నువ్వెందుకు తొక్కవు?" అంది. నువ్వు నవ్వి, "నాకు మలుపులు రావమ్మా. ఒకసారి లెక్క తప్పి పడ్డాను. అప్పట్నుంచి నా మీద నాకే నమ్మకం లేదు" అన్నావు. నేను లేచి వెళ్లిపోయింది అందుకే.

ఎలా రాయాలో తెలియడం లేదురా. రాసేస్తాను. పన్నెండేళ్ల కిందట, నువ్వు తొక్కిన ఆఖరి పందెం రోజున, ముందు చక్రం బిగించింది నేను. కుడివైపు నట్టు బిగించి గీత గీశాను. సుద్ద చేతిలోనే ఉంది కదా అని ఎడమవైపు ముందే గీసేశాను. పానా అందుకునేలోపు, "అక్కా, వీపు మీద నంబరు ఊడిపోతోంది, పిన్ను పెట్టు" అని పిలిచావు. పెట్టి వచ్చి చూస్తే రెండువైపులా గీతలున్నాయి. రెండూ బిగించేశాననుకున్నాను.

మలుపులో నువ్వు పడగానే అందరూ నీ దగ్గరికి పరుగెత్తారు. నేను సైకిల్ దగ్గరికి వెళ్లాను. ఎడమ నట్టు వేళ్లతో తిరిగింది. నాన్న వచ్చేలోపు బిగించేశాను. ఆయన సైకిలంతా చూసి, "బండిలో లోపం లేదు, వీడే మలుపులో తొందరపడ్డాడు" అన్నారు. విరిగిన భుజంతో పడుకుని నువ్వు ఆ మాటే నమ్మావు. నేను నోరు విప్పలేదు. మొదట భయం వేసింది, తర్వాత సిగ్గేసింది, ఆ తర్వాత నువ్వు మెకానిక్కువై పైకొచ్చావు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అలాంటి నన్ను పట్టుకుని పదిమందిలో నీ గురువునైనట్టు మాట్లాడావు.

నిన్న అమ్మకు చెప్పాను. అంతా వింది. తర్వాత, "నాకు చెప్తే ఏం లాభమే, వాడికి చెప్పు" అంది.

నన్ను తిట్టు. జవాబు రాయకపోయినా నేనేమీ అనుకోను. ఒక్క పని మాత్రం చెయ్యి. ఇప్పుడు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లోనే, ఒక సైకిల్ తీసుకుని, రెండువైపులా నీ చేత్తోనే బిగించుకుని, మలుపులున్న రోడ్డు మీద ఒక చుట్టు తొక్కి రా. ఆ రోజు ఆ మలుపు నువ్వు సరిగ్గానే తిప్పావురా తమ్ముడూ.

ఇట్లు,
నీ అక్క