పరగడుపు టీ

ఏమండీ,

మీరు ఏళ్ల తరబడి రక్తమిచ్చిన ఆ షుగర్ పరిశోధనలోకి ఇప్పుడు మీలాంటివాళ్ల పిల్లల్నీ తీసుకుంటున్నారు. మీ సంవత్సరీకం అయిన వారానికి, ఇవాళే, మన అబ్బాయి కిరణ్‌తో ఫరీదాబాద్ నుంచి మెట్రోలో వెళ్లాను. వాడికీ మీలాగే వస్తుందేమోనని దారంతా ఒకటే బెంగ.

ఆస్పత్రి గేటు పక్కన టీకొట్టు అలాగే ఉంది. పరగడుపున రమ్మంటే, "టీ తిండెలా అవుతుందే?" అంటూ అక్కడ ఆగి పంచదార దండిగా వేయించుకునేవారు. తీరా షుగర్ ఎక్కువ చూపిస్తే మిషన్‌ని తిట్టేవారు!

కొట్టతను కిరణ్‌లో మీ పోలికలు పట్టేసి, "పాపా వాలీ చాయ్?" అంటూ మీరు తాగే ఆ పంచదార టీనే గ్లాసులో అందించాడు. వీడు నవ్వి, "పహ్లే ఖూన్, ఫిర్ చాయ్, అంకుల్. బినా చీనీ" అన్నాడు. రక్తమిచ్చాకేనట, అదీ పంచదార లేకుండా!

నర్సు మీటరు చూసి నార్మల్ అంది. అయినా ఏటా రమ్మంది. "బాగున్నవాడితో మీకేం పని?" అన్నాను.

"జబ్బు రానివాళ్లకి ఎందుకు రాలేదో కూడా తెలియాలి కదా, ఆంటీజీ" అంది.

బయటికొచ్చి ఇద్దరం ఆ చప్పిడి టీ తాగాం. మీరైతే మొదటి గుక్కకే ఉమ్మేసేవారు. వాడు గ్లాసు ఖాళీ చేసి, ఇంకోటి చెప్పాడు.