కుర్చీలో ఖర్చయ్యే బలం

బిష్టుపూర్,
సోమవారం

ముసలయ్య గారికి,

నమస్కారం. మీ తమ్ముడు చినబాబు గారికి ఊపిరితిత్తి ఆపరేషన్ చేసిన డాక్టరును. వారి అనుమతితోనే రాస్తున్నాను. అడిగితే రాయమన్నారు.

కోత మానింది, ఎక్స్‌రే బాగుంది. అయినా ఊపిరితిత్తిలో ఒక భాగం తీసేశాక ఆయాసం, పక్కటెముకల నొప్పి, నిద్రలేమి, సయించని తిండి, దిగులు అన్నీ కలిసి మనిషిని అలసటలోకి దించుతాయి. అది బద్ధకం కాదు.

నిన్న వారి భార్య నూకాలమ్మ గారు చెప్పారు: "మా బావగారు ఓపాలి, 'ఏటిరా, ఇంకా మంచమేటి?' అన్నారండి. అప్పట్నించి ఆయన డ్యూటీకెల్లే యేళకి ఈయన చొక్కా తొడుక్కుని గుమ్మంలో కుర్చీలో కూకుంతన్నారు. బావగారి సైకిలు దాటగానే మంచం మీద పడిపోతన్నారు. మరి సాయంత్రం దాకా లేవరు."

నేను చెప్పిన పది నిమిషాల నడకకు మిగలవలసిన బలం ఆ కుర్చీలోనే అయిపోతోంది. పాత బలమంతా తిరిగి వస్తుందని నేను మాట ఇవ్వలేను. నడవకపోతే ఉన్నది కూడా పోతుంది.

రేపు బాగ్‌బేరా రైల్వే యార్డుకు డ్యూటీకి వెళ్తూ సైకిలు ఆపి లోపలికి వెళ్ళండి. వారు కుర్చీలోంచి లేవబోతే, మంచం మీద పడుకుని ఆ బలం నడకకు దాచుకోమనండి. నేను ఎన్నోసార్లు చెప్పాను. మీరు చెబితే వింటారు.

ఇట్లు,
మీ తమ్ముడి డాక్టరు