అప్పన్న ఇంటిపేరు

మావా, నేను నీ పెళ్లాం సూరాడ ఎర్రమ్మని. డెబ్బై ఎనిమిదేళ్లదాన్ని. కొడుకు ఇంట్లో ఉంటున్నాను, వాడి చేతే ఇది రాయిస్తున్నాను.

అండమాన్ దీవి నుంచి అప్పన్న మనవడు వచ్చాడు. మన మనవరాలు గౌరిని అతనికి ఇద్దామంటే, ఇంటిపేరు ఒకటేనని పెద్దలు అడ్డుపడ్డారు. అప్పన్న మనింట్లో పెరిగిన అనాథ. ఓడ ఎక్కించేటప్పుడు తమ్ముడని మన ఇంటిపేరుతో నువ్వే రాయించావు. నువ్వూ పోయాక ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

"మా అత్త పోతే ఇంటిపేరోల్లంతా మైలని పదిరోజులు వల ముట్టలేదు. అప్పన్న మూడోరోజే వలట్టుకుని సంద్రం మీద యాటకెల్లాడు. సొంత కొడుకైతే ఎల్తాడేట్రా?" అని అరిచాను. ఒప్పుకున్నారు.

అరిచే ఓపిక కూడా అయిపోయింది మావా. తాతల పేర్లు వెతుక్కుంటూ సముద్రం దాటి వచ్చిన ఆ పెళ్లికొడుకు నా పక్కన కూర్చుని, "మరి మా ఇంటిపేరేటి, మామ్మా?" అన్నాడు.

నాకు తెలియదు. అప్పన్నని మనం ఎప్పుడూ అడగలేదు.

ఎర్రమ్మ వేలిముద్ర.
సాక్షులు: కొడుకు రాములు, కోడలు పోలమ్మ.